గ్రావెల్ సైకిల్: రెండు సైజుల మధ్య ఆగిపోయినవారు ఏది తీసుకోవాలి?

మట్టి, కంకర దారుల్లోనూ తొక్కగలిగే వంపు హ్యాండిల్ సైకిల్, అంటే గ్రావెల్ సైకిల్ కొంటున్నారు, మీ ఎత్తు 168 సెం.మీ. అనుకుందాం. కంపెనీ చార్టులో ఎస్ సైజు 160 నుంచి 170 వరకు, ఎం సైజు 167 నుంచి 177 వరకు అని రాసి ఉంటుంది. చార్టు లెక్కన రెండూ మీవే. దుకాణంలో అడిగితే చాలాసార్లు వాళ్ల దగ్గర సిద్ధంగా ఉన్న సైజు వైపే మొగ్గుతారు. "కొంచెం సర్దుకుంటే సరిపోతుంది" అంటారు. ఏది సర్దుకుంటుంది, ఏది సర్దుకోదు అన్నది తెలిస్తే ఆ మాటకి జవాబు మీ దగ్గరే ఉంటుంది.

సైకిల్లో సీటు ఎత్తు మారుతుంది, స్టెమ్ (హ్యాండిల్‌ని ముందు ఫోర్కుకి కలిపే ముక్క) మారుతుంది, హ్యాండిల్, క్రాంక్ (పెడల్ బిగించే చేయి) కూడా మారతాయి. ఫ్రేము మాత్రం మారదు. కాబట్టి సైజు ఎంచుకోవడం అంటే ఎత్తుకి తగ్గ అక్షరం వెతకడం కాదు. మార్చలేని కొలతలు రెండు మూడు ఉంటాయి, అవి మీ ఒంటికి సరిపోయే ఫ్రేమును పట్టుకోవాలి. మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

## ముందు ఇంట్లో తీసుకోవాల్సిన కొలతలు

ఇన్‌సీమ్. అంటే కాళ్ల మధ్య నుంచి నేల దాకా పొడవు. చెప్పులు విప్పి, వీపూ మడమలూ గోడకి ఆనించి, పాదాల మధ్య జానెడు ఎడం ఉంచి నిలబడండి. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ల మధ్య పెట్టి, దాని అంచు గోడకి ఆనేలా పైకి నొక్కండి. సీటు మీద కూర్చున్నప్పుడు ఎంత ఒత్తిడి ఉంటుందో అంత రావాలి. పుస్తకం పై అంచు నుంచి నేల దాకా ఇంకొకరి చేత కొలిపించండి. మూడుసార్లు కొలిచి సగటు తీసుకోండి. దర్జీ తీసుకునే ప్యాంటు కొలత దీనికి పనికిరాదు. అది సాధారణంగా కొన్ని సెంటీమీటర్లు తక్కువ ఉంటుంది, సీటు ఎత్తు లెక్క మొత్తం తప్పుతుంది.

సీటు ఎత్తు. ఇన్‌సీమ్‌ని 0.883తో గుణిస్తే, పెడళ్ల ఇరుసు (రెండు క్రాంకులూ బిగించి ఉండే, ఫ్రేము అడుగున తిరిగే ఇరుసు) మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన దూరం సుమారుగా వస్తుంది. ఇన్‌సీమ్ 78 సెం.మీ. అయితే 68.9 సెం.మీ. ఇది మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకె. బూటు అడుగు మందం, పెడల్ రకం, క్రాంక్ పొడవును బట్టి సెంటీమీటరు అటూఇటూ అవుతుంది.

బార. రెండు చేతులూ పక్కలకి చాచి, ఒక మధ్యవేలి కొన నుంచి రెండోదాని కొన దాకా. ఇది ఎత్తుకి దాదాపు సమానంగా ఉంటుంది. ఎత్తు కంటే 4, 5 సెం.మీ. ఎక్కువ ఉంటే పొడవు చేతులు, అంతే తక్కువ ఉంటే పొట్టి చేతులు. రెండు సైజుల మధ్య ఊగిసలాడేవారికి ఈ తేడా చాలాసార్లు తీర్పు చెప్పేస్తుంది.

నడుము వంగే తీరు. మోకాళ్లు వంచకుండా ముందుకి వంగినప్పుడు వేళ్లు నేలకి తగులుతున్నాయా, పిక్కల దాకానా, మోకాళ్ల దగ్గరే ఆగుతున్నాయా? దీనికి టేపు అక్కర్లేదు, కానీ నిజాయితీగా చూసుకోవాలి. మోకాళ్ల దగ్గరే ఆగిపోయే మనిషికి పోటీ సైకిల్ జామెట్రీ (ఫ్రేము కొలతలు, కోణాలు), సైజు ఎంత సరిగ్గా ఉన్నా, రెండు గంటల తర్వాత నడుము నొప్పి తెప్పిస్తుంది.

## జామెట్రీ చార్టులో ఏవి చూడాలి

సైజుల చార్టు వేరు, జామెట్రీ చార్టు వేరు. కంపెనీ వెబ్‌సైటులో సైకిల్ పేజీ చివర అంకెలతో నిండిన పట్టిక ఉంటుంది. అందులో ముందు చూడాల్సినవి ఇవి.

| కొలత | ఏమిటది | కొన్నాక మార్చగలమా |
|---|---|---|
| స్టాక్ | పెడళ్ల ఇరుసు నుంచి హెడ్ ట్యూబు (ఫోర్కు గొట్టం దూరే ముందు గొట్టం) పైకొనకి నిలువు దూరం | ఫ్రేములో మారదు. స్పేసర్లతో (స్టెమ్ కింద పెట్టే రింగులు) 2, 3 సెం.మీ. పెంచుకోవచ్చు |
| రీచ్ | అదే ఇరుసు నుంచి హెడ్ ట్యూబు పైకొన మధ్యకి అడ్డంగా దూరం | ఫ్రేములో మారదు. స్టెమ్‌తో 1, 2 సెం.మీ. అటూఇటూ |
| ఫ్రంట్ సెంటర్ | పెడళ్ల ఇరుసు నుంచి ముందు చక్రం ఇరుసుకి దూరం | మారదు |
| స్టాండోవర్ | పై గొట్టం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో | టైరు మారితే కొద్దిగా మాత్రమే |
| సీట్ ట్యూబు పొడవు | సీటు గొట్టం పొడవు | సైజు తేల్చడానికి దీన్ని పట్టించుకోకండి |

పాతకాలంలో 52, 54, 56 అనే అంకెలు సీట్ ట్యూబు పొడవుని బట్టి వచ్చాయి. పై గొట్టం వెనక్కి వాలుగా దిగే ఇప్పటి ఫ్రేముల్లో ఆ అంకె పేరుకే మిగిలింది. ఒక కంపెనీ 54, ఇంకో కంపెనీ ఎం, మూడో కంపెనీ ఎంఎల్ దాదాపు ఒకటే కావచ్చు, లేదా రీచ్‌లో 2 సెం.మీ. తేడా ఉండొచ్చు. అందుకే "నాది 54 సైజు" అన్న మాట ఒక్క కంపెనీ ఒక్క మోడల్‌కే చెల్లుతుంది.

## ఎస్, ఎం పక్కపక్కన పెడితే

ఒక ఉదాహరణ తీసుకుని లెక్క చివరిదాకా చేద్దాం. మీ సైకిల్ అంకెలు పెట్టి మీరూ ఇలాగే చేసుకోవచ్చు.

| | ఎస్ | ఎం |
|---|---|---|
| స్టాక్ | 557 మి.మీ. | 575 మి.మీ. |
| రీచ్ | 378 మి.మీ. | 388 మి.మీ. |
| సైకిల్‌తో వచ్చే స్టెమ్ | 80 మి.మీ. | 90 మి.మీ. |
| హెడ్ ట్యూబు కోణం | 71.5° | 71.5° |

చూడగానే రీచ్ తేడా 10 మి.మీ. మాత్రమే అనిపిస్తుంది. అసలు తేడా అంతకంటే ఎక్కువ. రీచ్‌ని హెడ్ ట్యూబు పైకొన దగ్గర కొలుస్తారు, ఎస్ సైజులో ఆ కొన 18 మి.మీ. కిందుంది. హెడ్ ట్యూబు వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి, స్పేసర్లు వేసి ఎస్‌ని ఎం ఎత్తుకి తెస్తే హ్యాండిల్ ఇంకో 6 మి.మీ. వెనక్కి వస్తుంది. అంటే ఒకే ఎత్తు దగ్గర రెండు ఫ్రేముల తేడా 16 మి.మీ. స్టెమ్ తేడా ఇంకో 10. మొత్తం 26 మి.మీ. చిన్న స్టెమ్ మార్పుతో దీన్ని పూడ్చలేం.

ఇప్పుడు 78 సెం.మీ. ఇన్‌సీమ్ ఉన్న మనిషిని ఈ రెండింటి మీద కూర్చోబెడదాం. ఎస్‌కి 20 మి.మీ. స్పేసర్లు వేస్తే హ్యాండిల్ సీటు కంటే సుమారు 4 సెం.మీ. కిందుంటుంది. ఎం‌లో ఒక్క స్పేసరూ లేకుండానే అదే 4 సెం.మీ. వస్తుంది. ఎత్తులో రెండూ సమానమే, అందడంలో మాత్రం కావు. మీకు ఎస్ దగ్గర బాగుండి ఎం కొన్నారంటే స్టెమ్‌ని 90 నుంచి 65కి తగ్గించాలి. ఎం దగ్గర బాగుండి ఎస్ కొన్నారంటే 80 నుంచి 105కి పెంచాలి.

ఇక్కడే గ్రావెల్ సైకిల్ రోడ్ సైకిల్‌తో విడిపోతుంది. "పెద్ద సైజు తీసుకుని పొట్టి స్టెమ్ వేసుకో" అనేది రోడ్ సైకిళ్ల కాలం నాటి సలహా. అప్పుడు స్టెమ్ 110, 120 ఉండేది, రెండు సెంటీమీటర్లు తగ్గించినా 90 మిగిలేది. ఇప్పటి గ్రావెల్ ఫ్రేములు రీచ్ పెంచి, చాలావరకు 60 నుంచి 90 స్టెమ్‌తోనే ఫ్యాక్టరీ నుంచి వస్తున్నాయి. 70తో వచ్చిన సైకిల్‌లో తగ్గించడానికి ఏం మిగిలింది? 50 వేస్తే, హెడ్ కోణం నిటారుగా ఉన్న ఫ్రేము మీద ముందు చక్రానికి బరువు చాలక, ఎక్కుడులో స్టీరింగు తేలిపోతుంది. చిన్న ఫ్రేముకి మాత్రం 80 బదులు 90, 95 వేసినా నడక పాడవదు.

అందుకే, నిజంగా సరిగ్గా మధ్యలో ఉన్నవారికి, ఇంకే కారణమూ అటో ఇటో లాగకపోతే, చిన్న సైజే తీసుకోమంటాను. దీనికి ఒక మినహాయింపు ఉంది. చిన్న సైజులో హ్యాండిల్‌ని మీకు కావలసిన ఎత్తుకి తేవడానికి 30 మి.మీ. దాటి స్పేసర్లు కావాల్సి వస్తే అది వద్దు. చాలా కార్బన్ ఫోర్కులకి స్టెమ్ కింద ఎన్ని స్పేసర్లు వేయొచ్చో తయారీదారు హద్దు పెడతాడు, అది మాన్యువల్‌లో ఉంటుంది. ఆ హద్దు దాటితే ఫోర్కు గొట్టం మీద పడే భారం ప్రమాదకరం.

## ఏ ఒంటికి ఏ వైపు

కాళ్లు పొడవు, మొండెం పొట్టి. వీళ్ల ఇబ్బంది అందరికంటే పెద్దది. కాళ్లు పొడవు కాబట్టి సీటు పైకి పోతుంది, దాంతో హ్యాండిల్ చాలా కిందికి పోయినట్టవుతుంది. ఎత్తు కోసం పెద్ద సైజుకి వెళ్తే చేతులు అందవు. ఇక్కడ సైజు మార్చడం కంటే మోడల్ మార్చడం మేలు. స్టాక్‌ని రీచ్‌తో భాగించి చూడండి. 1.45 దగ్గర వస్తే పొడుగ్గా సాగి, కిందికి వంగి తొక్కే పోటీ రకం. 1.55 పైన వస్తే నిటారుగా కూర్చునే దూరప్రయాణపు రకం. పొడవు కాళ్లవారు 1.55 దాటిన మోడల్‌లో చిన్న సైజు వెతుక్కోవాలి.

మొండెం పొడవు, కాళ్లు పొట్టి. సీటు తక్కువ ఎత్తులో ఉంటుంది కాబట్టి హ్యాండిల్ దానంతటదే సీటు స్థాయికి దగ్గరగా వస్తుంది. వీళ్లకి పెద్ద సైజు బాగా కుదురుతుంది. చూసుకోవాల్సింది స్టాండోవర్ ఒక్కటే. మట్టిదారిలో ఒక్కసారిగా దిగినప్పుడు కింద గుంట ఉండొచ్చు. బూట్లతో నిలబడితే పై గొట్టానికీ ఒంటికీ మధ్య కనీసం 5 సెం.మీ. ఖాళీ ఉండాలి.

చేతులు పొడవు. బార ఎత్తుని 5 సెం.మీ. దాటితే పెద్ద సైజుకి ఒక ఓటు. కానీ నడుము వంగకపోతే ఆ ఓటు చెల్లదు.

బ్రెవెలు (గడువులోపు పూర్తిచేయాల్సిన దూరప్రయాణపు రైడ్లు) తొక్కేవారు. 200 కి.మీ. బ్రెవెకి గడువు 13.5 గంటలు. అన్ని గంటల్లో మెడ, అరచేతులు, నడుము ఏవి ముందు తిరగబడతాయో సీటు కంటే హ్యాండిల్ ఎంత కిందుందో దాన్ని బట్టి తేలుతుంది. 2 నుంచి 4 సెం.మీ. తేడా దగ్గర మొదలుపెట్టండి. పోటీల్లో తొక్కేవారు 6, 8 దాకా వెళ్తారు, అది వాళ్ల శిక్షణకి తగ్గ భంగిమ.

సామాను కట్టుకుని తిరిగేవారు. చిన్న ఫ్రేములో మధ్య ముక్కోణం ఇరుకు. రెండు సీసాలు పెడితే ఫ్రేము సంచికి చోటుండదు. సీటు వెనక పొడుగు సంచి కట్టే ఆలోచన ఉంటే సీటుకీ వెనక టైరుకీ మధ్య ఖాళీ కొలవండి. చిన్న సైజు, 700 అనే పెద్ద చక్రాలు, 45 మి.మీ. టైరు కలిస్తే సంచి అడుగు టైరుకి రాసుకుంటుంది. సైజుని సంచి కోసం పెంచొద్దు. అయితే రెండూ నిజంగా సమానంగా కుదిరినప్పుడు మాత్రం ఇది పెద్దదాని వైపు న్యాయమైన కారణమే.

## 160 సెం.మీ. లోపు ఎత్తు ఉన్నవారికి

చిన్న సైజుల్లో కంపెనీల రాజీలు ఎక్కువ. 700 చక్రాలు అలాగే ఉంచి ఫ్రేము మాత్రం కుదిస్తారు. దాంతో నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు బూటు కొన ముందు టైరుకి తగులుతుంది. వేగంగా పోయేటప్పుడు చక్రం అంతగా తిప్పం కాబట్టి తెలియదు. కాలువ గట్టు మీద యూ-టర్ను తీసుకునేటప్పుడో, రాళ్ల ఎక్కుడులో నడకవేగంతో తొక్కేటప్పుడో తగిలి పడేస్తుంది. ఫ్రంట్ సెంటర్ 600 మి.మీ. లోపు ఉంటే అనుమానించండి. దుకాణంలోనే క్రాంక్‌ని ముందుకి అడ్డంగా పెట్టి, మీ బూటుతో, పెడల్ మీద మీరు పెట్టేచోటే పాదం పెట్టి హ్యాండిల్ తిప్పి చూడండి. వానాకాలానికి మడ్‌గార్డు బిగించాలనుకుంటే ఇంకో సెంటీమీటరు పైగా ఖాళీ కావాలి.

దారులు మూడున్నాయి. ఒకటి, కాస్త చిన్నవైన 650బి చక్రాలు. 700×40 చక్రం టైరుతో కలిపి వ్యాసం సుమారు 702 మి.మీ., 650బి×47 అయితే 678. అంటే కాలి కొన దగ్గర 12 మి.మీ. కలిసొస్తుంది. బదులుగా సైకిల్ మొత్తం 12 మి.మీ. కిందికి దిగుతుంది, రాళ్ల దారిలో పెడల్ నేలకి కొట్టుకునే అవకాశం పెరుగుతుంది. రెండు, 170 బదులు 165 క్రాంక్. 5 మి.మీ. ఖాళీ వస్తుంది, మోకాలు పైకొచ్చినప్పుడు తుంటి దగ్గర బిగుతు కూడా తగ్గుతుంది. క్రాంక్ 5 తగ్గిస్తే సీటు 5 పెంచాలి, ఇది చాలామంది మరిచిపోతారు. మూడు, ముందు భాగం పొడుగ్గా ఉన్న మోడల్ ఎంచుకోవడం. వీటిలో మూడోదే మంచిది, కొన్నాక ఖర్చు లేదు.

చేతులు చిన్నవైతే బ్రేకు లివరు దూరం కూడా చూడండి. చాలా లివర్లకి దగ్గరకి తెచ్చే చిన్న స్క్రూ ఉంటుంది. డ్రాప్స్ (హ్యాండిల్ కింది వంపులు) పట్టుకుని చూపుడువేలి మధ్య కణుపు లివరు మీద పడాలి. వేలికొన మాత్రమే అందితే దిగుడులో బ్రేకు పట్టుకుని పట్టుకుని చేయి పీకుతుంది.

మహిళలకి విడిగా ఫ్రేము కావాలా అని తరచూ అడుగుతారు. జెయంట్ వారి లివ్ సంస్థ డివోట్ పేరుతో అలాంటి గ్రావెల్ సైకిల్ చేస్తోంది. దాన్నీ స్టాక్, రీచ్ చూసే తూచండి. సీటు మాత్రం ఆడామగా తేడా లేకుండా కూర్చునే ఎముకల వెడల్పు చూసి తీసుకోవాలి. మడతల అట్ట ముక్కని గట్టి మెట్టు మీద పరిచి, దాని మీద కూర్చుని కాస్త ముందుకి వంగితే రెండు గుంటలు పడతాయి. వాటి మధ్యల దూరానికి 20 నుంచి 30 మి.మీ. కలిపితే సీటు వెడల్పు.

## హైబ్రిడ్ నుంచి వచ్చేవారికి ఒక హెచ్చరిక

మన ఊళ్లలో గ్రావెల్ కొనేవాళ్లలో చాలామంది హైబ్రిడ్ తొక్కినవాళ్లే. "హైబ్రిడ్‌లో ఎం సరిపోయింది కాబట్టి ఇక్కడా ఎం" అన్న లెక్క నప్పదు. తిన్నని హ్యాండిల్ ఉన్న సైకిల్లో చేతులు హ్యాండిల్ గొట్టం మీదే ఉంటాయి. డ్రాప్ హ్యాండిల్లో ఎక్కువసేపు పట్టుకునేది, బ్రేకు లివర్ల రబ్బరు పిడులైన బ్రేకు హుడ్స్‌ని. అవి గొట్టం మధ్య నుంచి సుమారు 10 సెం.మీ. ముందుంటాయి. అందుకే ఒకే మనిషికి గ్రావెల్ ఫ్రేము రీచ్ హైబ్రిడ్ కంటే తక్కువ ఉండాలి.

సరిగ్గా పోల్చాలంటే ఇప్పటి సైకిల్లో సీటు ముక్కు నుంచి మీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గూడు ఆనే చోటుకి టేపు పట్టండి. కొత్త సైకిల్లో సీటు ముక్కు నుంచి హుడ్ మీద అదే గూడు ఆనే చోటుకి పట్టండి. సీటు మోడల్ మారితే ముక్కు పొడవు కూడా మారుతుంది కాబట్టి, సీటులో 80 మి.మీ. వెడల్పున్న చోట గుర్తు పెట్టి అక్కడ నుంచి కొలవడం ఇంకా నమ్మకం.

రోడ్ సైకిల్ నుంచి వచ్చేవారికి పని తేలిక. హుడ్స్ దూరం రోడ్ సైకిల్ కంటే 10 నుంచి 20 మి.మీ. దగ్గరగా, అంతే మేర పైకి ఉండేలా చూసుకుంటే మట్టిదారి మీద చేయి తిరుగుతుంది.

## ఫ్రేము తేలాక, ఏది మారిస్తే ఎంత

| మార్పు | హ్యాండిల్ మీద ఫలితం |
|---|---|
| 10 మి.మీ. స్పేసరు కింద నుంచి పైకి మార్చడం | 9.5 మి.మీ. కిందికి, 3 మి.మీ. ముందుకి |
| 90 మి.మీ. 6° స్టెమ్ తలకిందులు చేసి పైకి చూసేలా వేయడం | 18 మి.మీ. పైకి, 6 మి.మీ. వెనక్కి |
| స్టెమ్ 10 మి.మీ. పొట్టిది | సుమారు 10 మి.మీ. వెనక్కి, 2 మి.మీ. కిందికి |
| ముందుకి 80 మి.మీ. సాగే హ్యాండిల్ బదులు 70ది | హుడ్స్ 10 మి.మీ. వెనక్కి |

స్టెమ్ తిప్పి వేయడానికి ఖర్చు లేదు, చాలామంది నడుము నొప్పికి అది చాలు. అయితే బ్రేకు గొట్టాలు హెడ్ ట్యూబు బేరింగులైన హెడ్‌సెట్ లోపల నుంచి పోయే సైకిళ్లలో ఇంత చిన్న పని కూడా పెద్దదవుతుంది. కొన్నింటిలో స్టెమ్ మార్చాలంటే హైడ్రాలిక్ గొట్టం విప్పి, మళ్లీ నూనె నింపి గాలి తీయాలి. సైజు మీద పూర్తి నమ్మకం లేనివారు తీగలు బయట కనిపించే మోడలే తీసుకోండి.

హ్యాండిల్ వెడల్పు భుజాల ఎముకల మధ్య దూరానికి సమానంగానో, 2 సెం.మీ. ఎక్కువగానో ఉంటే చాలు. గ్రావెల్ హ్యాండిళ్లు కింద బయటికి విచ్చుకుంటాయి కాబట్టి హుడ్స్ దగ్గర 42 ఉన్నది డ్రాప్స్ దగ్గర 5 నుంచి 7 సెం.మీ. వెడల్పవుతుంది. ఎక్కడ కొలిచిన అంకె రాశారో చూడకుండా 46 కొనేస్తే చేతులు బార్లా చాచినట్టుండి మెడ వెనక పట్టేస్తుంది.

హ్యాండిల్ దూరం తగ్గించడానికి సీటుని ముందుకి జరపడం మాత్రం చేయకండి. ఇది అందరూ చేసే పొరపాటే, నష్టం వెంటనే తెలియదు. సీటు స్థానం పెడళ్లని బట్టి నిర్ణయం కావాలి. ముందుకి జరిపితే ఒంటి బరువు అరచేతుల మీదకి వస్తుంది, మోకాలు ముందుకి పోతుంది. అందకపోతే స్టెమ్ మార్చాలి.

## అమర్చే వరుస

1. సీటు ఎత్తు లెక్క ప్రకారం పెట్టండి. గోడ పక్కన కూర్చుని, పెడల్ అన్నిటికంటే కిందున్నప్పుడు మడమ పెడల్ మీద పెడితే కాలు పూర్తిగా చాపుకోవాలి, తుంటి పక్కకి ఒరగకూడదు. పాదం ముందుభాగం పెట్టినప్పుడు మోకాలి వంపు 25 నుంచి 35 డిగ్రీలు రావాలి. రాళ్ల దారే ఎక్కువైతే 3 నుంచి 5 మి.మీ. తగ్గించండి.
2. సీటు వాలు రసమట్టంతో చూడండి. సమంగా మొదలుపెట్టి, కావాలంటే ముక్కు ఒకటి రెండు డిగ్రీలు దించండి. అంతకుమించితే జారుతూ చేతులతో తోసుకోవాల్సి వస్తుంది.
3. పెడళ్లు అడ్డంగా ఉన్నప్పుడు ముందు మోకాలి చిప్ప కింది గుబురు నుంచి తూకం గుండు వేలాడదీయండి. దారం ఆ పాదం కింది పెడల్ సొంత ఇరుసు దగ్గర పడాలి. ఇది కఠిన నియమం కాదు, మొదటి గుర్తు. ఒక సెంటీమీటరు వెనక ఉన్నా దోషం లేదు.
4. ఆ తర్వాతే హ్యాండిల్. హుడ్స్ పట్టుకున్నప్పుడు మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి, భుజాలు చెవుల దగ్గరకి ఎగదన్నకూడదు.

ఒకసారి ఒక్కటే మార్చండి, 3 నుంచి 5 మి.మీ. మించకుండా. రెండు మూడు రైడ్లు తొక్కాక ఇంకోటి. ఒకేరోజు సీటూ స్టెమ్మూ మార్చితే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

స్పేసర్లు మార్చేటప్పుడు ముందు పైమూత స్క్రూ, తర్వాత స్టెమ్ పక్క బోల్టులు విప్పుతాం. బిగించేటప్పుడు పైమూత ముందు, పక్క బోల్టులు తర్వాత. వరుస తప్పితే హెడ్‌సెట్ లూజుగా ఉండిపోతుంది. ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపితే లటలట తెలిసిపోతుంది. పక్క బోల్టులు చాలా స్టెమ్‌లకి 5 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటాయి. స్టెమ్ మీద రాసిన అంకె చూసి టార్క్ రెంచితో బిగించండి.

## నొప్పి ఎక్కడుందో చూసి

మోకాలి ముందుభాగం నొప్పికి ఎక్కువసార్లు సీటు తక్కువగానో, మరీ ముందుకో ఉండటమే కారణం. మోకాలి వెనక పట్టేస్తుంటే సీటు ఎక్కువైంది. తుంటి ఇటూఅటూ ఊగుతోందని వెనక వచ్చేవాళ్లు చెబితే ఇంకా ఎక్కువైందన్నమాట. మెడ, భుజాల మధ్య నొప్పి అయితే హుడ్స్ దూరంగా ఉన్నాయి లేదా మరీ కిందున్నాయి.

చేతుల తిమ్మిరి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, గ్రావెల్‌లో అన్నిటికంటే ఎక్కువమందిని బాధించేది అదే. చిటికెనవేలు, ఉంగరపువేలు తిమ్మిరెక్కితే అరచేతి బయటి అంచున పోయే నరం నలుగుతోంది. బొటనవేలు, చూపుడువేలు అయితే మణికట్టు మధ్యలో పోయే నరం. రెండింటికీ ముందు చూడాల్సింది గ్లవ్స్ కాదు, సీటు ముక్కు. అది కిందికి వాలి ఉంటే ఒళ్లంతా ముందుకి జారి చేతుల మీద పడుతుంది. తర్వాత హుడ్స్ కోణం: మణికట్టు పైకో కిందికో విరగకుండా ముంజేతితో ఒకే గీతలో ఉండాలి. ఆ తర్వాత టైరు గాలి. 70 కిలోల మనిషి 40 మి.మీ. టైరుకి 35 నుంచి 40 పీఎస్ఐ సరిపోతుంది. 60 కొట్టించుకుని ఎర్రమట్టి దారిలో అలలలా లేచిన చోట తొక్కితే ఏ ఫిట్టూ కాపాడదు. ఇవన్నీ సరిచేసినా తగ్గకపోతే అప్పుడు స్టెమ్ 10 మి.మీ. తగ్గించండి. అప్పటికీ తగ్గకపోతే సైజు పెద్దదైందని అర్థం.

## దుకాణంలో

సీటు మీ ఎత్తుకి పెట్టించుకోకుండా తొక్కి చూడటం వృథా. ఇంట్లో కొలిచిన అంకె, టేపు వెంట తీసుకెళ్లండి. రెండు సైజుల్లోనూ సీటు ఎత్తు ఒకటే పెట్టించి, టైర్లలో గాలి ఒకటే కొట్టించి ఒకదాని వెంట ఒకటి తొక్కండి. ఐదు నిమిషాలు పార్కింగులో కాదు, కనీసం ఇరవై నిమిషాలు. డ్రాప్స్ పట్టుకుని గట్టిగా బ్రేకు వేయండి, లేచి నిలబడి ఎక్కుడు తొక్కండి, ఎనిమిది అంకెలా చిన్న మలుపులు తిప్పండి. నిలబడినప్పుడు మోకాలు హ్యాండిల్‌కి దగ్గరగా వస్తుంటే చిన్నది. కూర్చుని హుడ్స్ పట్టుకోగానే మోచేతులు తిన్నగా లాక్ అయితే పెద్దది.

మీ సైజు దుకాణంలో లేకపోతే తెప్పించమనండి. వారాలు పట్టినా ఆగడం మేలు. అమెరికాలోనో ఇంకెక్కడో ఉండి సైకిల్ పెట్టెలో ఇంటికి తెప్పించుకునేవారికి తొక్కి చూసే వీలుండదు. వాళ్లు తిరిగి పంపే గడువు, ఖర్చు ముందే చదువుకోవాలి, పెట్టె పారేయకూడదు.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు స్టెమ్ పైన, కింద స్పేసర్లు ఎన్ని ఉన్నాయో ఫోటో అడగండి. పాత యజమాని ఫోర్కు గొట్టం పొట్టిగా కోయించి ఉంటే హ్యాండిల్ పైకి లేపే దారి ఉండదు, పైకి వంపున్న స్టెమ్ ఒక్కటే దిక్కు. చార్టులో ఆ సైజు మీకు ఎంత సరిపోయినా ఆ సైకిల్ మీది కాదు.

కొత్తదైతే బిల్లు కట్టే ముందే ఫోర్కు గొట్టం కోయొద్దని చెప్పండి. స్పేసర్లు స్టెమ్ పైన ఎత్తుగా కనిపించడం కొందరికి నచ్చదు, మెకానిక్ అందం కోసం కోసేస్తానంటాడు. కనీసం నెల రోజులు, నాలుగైదు పొడవు రైడ్లు అయ్యాక, హ్యాండిల్ ఎత్తు ఇక మార్చనని తేలాకే కోయించుకోండి. అప్పుడు కూడా స్టెమ్ పైన ఒక 5 మి.మీ. స్పేసరు మిగిలేలా గుర్తు పెట్టించాలి.